సొంత వాటా

ఫారం ముప్పై ఎనిమిది పేజీలు.
పదకొండో పేజీలో ఒక గడి: సొంత వాటా, శాతాల్లో.
కరాబెల్ లోయ కార్యాలయంలో ఒకటే హీటరు,
దాని చుట్టూ ఏడు కుర్చీలు.
గడి మీద వేలు పెట్టి నేను చదివాను.

"డబ్బు కావాలని అడిగేవాణ్ణి
నీ దగ్గరెంతుందని అడగడమేమిటి?" అన్నాడు
గొర్రెల సంఘం తోక్తొసున్.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు, అంతే, అన్నాను.
"మనకున్నవన్నీ చన్నీళ్ళేగా తల్లీ,
అవీ ఏటేటా తగ్గుతున్నాయనేగా ఈ కాగితం."

లెక్క మొదలుపెట్టాం.
చలికాలం నీళ్ళు చిమ్మి మంచు గోపురాలు కట్టాలి,
వేసవికి అవే మా కాలువ.
తవ్వడానికి మనిషికి పన్నెండు రోజులు.
పైపులు మోయడానికి తొమ్మిది గుర్రాలు;
ఒకటి కుంటిది, దాన్ని సగమని రాయమన్నారు.
రాళ్ళు మావే. రాళ్ళకు ధర లేదట.
కాన్యబూబు అవ్వ రెండు చలికాలాలు కుట్టిన ఉన్ని తివాచీ
తెచ్చి బల్ల మీద పరిచింది.
దాన్ని గడిలో వేస్తే
చుక్క తర్వాత నాలుగో అంకె కదులుతుంది.
వేశాను.
తివాచీ మడిచి ఆమె ఒళ్ళోనే పెట్టాను.

ఇరవై రెండో పేజీ సాక్ష్యం అడిగింది:
మంచు ఎంత వెనక్కి పోయింది, ఆధారమేమిటి.
ఎసెన్‌గుల్ కిటికీలోంచి కర్రతో చూపించాడు.
"నా పెళ్ళినాడు మంచు అంచు
ఆ ఎర్రబండకు ఆనుకుని ఉండేది.
నా గుర్రం దాన్ని నాకింది."
ఏ సంవత్సరం? ఎవరు కొలిచారు?
"గుర్రం."
ఎవరూ నవ్వలేదు.
స్థానిక పరిశీలన, అని రాశాను.
గుర్రం పేరు రాయలేదు, చోటు చాలక.

బిష్కెక్ మీదుగా వసంతంలో జవాబొచ్చింది.
మర్యాదగానే ఉంది.
మీ వాతావరణ ప్రణాళిక బాగుంది.
కానీ మా నిధి ఇచ్చే కనీస మొత్తంలో
మీరు సగం కూడా అడగలేదు.

ఆ వాక్యాన్ని మూడుసార్లు అనువదించాను,
తప్పు నాదేమోనని.
"ఎక్కువడిగామని తరిమినవాళ్ళను చూశాం గాని
తక్కువడిగామని తలుపేసినవాళ్ళు వీళ్ళే,"
అన్నాడు తోక్తొసున్,
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని.

సగం.
ఆ మాట గదిలో కాసేపు తిరిగింది.
తక్కిన సగం ఎక్కడుందో అందరికీ తెలుసు:
కొండకవతల, తెరెక్‌సాయ్ లోయలో.
ఇరవై ఆరేళ్ళ కిందట తూము దగ్గర
పారలతో కొట్టుకున్నాం వాళ్ళతో.
ఎసెన్‌గుల్‌కు ఎడమ చెవి సగమే ఉంది.
మంచు మాత్రం ఒకటే. రెండు వైపులా కారుతుంది.

వద్దన్నా ఆయన నా వెంట వచ్చాడు.
అక్కడ ఇంకో గది, ఇంకో హీటరు,
అదే ఫారం, పదకొండో పేజీ అంచు నలిగిపోయి,
అదే మర్యాదతో అదే ఉత్తరం.
టీ పోస్తున్న మెదెర్
పెద్దాయన చెవి వంక చూసి చూపు దించుకున్నాడు.
"మా నాన్న పార అది."
"పదునైందే," అన్నాడు ఎసెన్‌గుల్,
గిన్నె ముందుకు జరిపి.

రాత్రి రెండింటిదాకా కూర్చుని
రెండు ప్రణాళికల్నీ కలిపాం.
వాళ్ళ గుర్రాలు పధ్నాలుగు, మావి ఎనిమిదిన్నర.
ఒకే మంచును రెండుసార్లు లెక్కపెట్టామని
చివర్లో చూసుకుని ఒకటి కొట్టేశాం.
తూము ఎవరి వైపుండాలన్నది
ముప్పై ఎనిమిది పేజీల్లో ఎక్కడా అడగలేదు.
మేమూ ఎత్తలేదు.

జవాబు ఇంకా రాలేదు.
నిన్న రెండు లోయల వాళ్ళం పైకెక్కి
ఇప్పటి మంచు అంచు దగ్గర
ఒక రాయికి రంగు పూసి తేదీ వేసొచ్చాం.
వచ్చే ఏడు ఎవరైనా ఆధారం అడిగితే ఉండాలి కదా.
అక్కణ్ణించి చూస్తే ఎర్రబండ
కింద ఎక్కడో, గొర్రెపిల్లంత.

రంగు మెదెర్ కొన్నాడు, బ్రష్షు మాది.
రసీదు దాచాను.